అడ్డంగా ఉంటే తెరిచినట్టు

"ముందు నన్ను కొయ్యి, తర్వాత పైపు కొయ్యి," అన్నాడు మావయ్య, మోటారు గది గుమ్మంలో రెండు చేతులూ బార్లా చాపి.

కోడలి చేతిలో రంపం ఉంది. ఆమె బడిపిల్లల వ్యాను నడుపుతుంది. వెనక పిల్లలందరూ ఒక్కసారిగా అరిచినా స్టీరింగు మీద వణకని చెయ్యి అది. మావయ్య ఒక్కడి అరుపు ఆమెకో లెక్కా?

"మిమ్మల్ని కోస్తే ఏం లాభం మావయ్యా? కారుతున్నది పైపులు కదా," అంది. "పక్కకి జరగండి."

జరగలేదాయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. బడిలో ఈత మాస్టారుగా పనిచేసే రోజుల్లో ముచ్చటపడి ఇంటి వెనక చిన్న కొలను కట్టించుకుని, దాని పైపులన్నీ తన చేత్తోనే బిగించుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడ నీళ్లు కారితే అక్కడో అతుకు వేశాడు. సైకిలు ట్యూబు ముక్క, దాని మీద గుడ్డ పీలిక, దాని మీద సొల్యూషన్, అదీ కారితే దాని మీద మళ్లీ ట్యూబు. ఇప్పుడా గదిలో ఉన్నవి పైపులో, పైపుల ఆకారంలో నిలబడ్డ అతుకులో చెప్పడం కష్టం. ఇంత చేసినా సాయంత్రం నింపిన కొలను తెల్లారేసరికి మోకాలి లోతు తగ్గేది. చివరికి ఇంటిల్లిపాదికీ విసుగొచ్చి వదిలేశారు. ఎండుటాకులు రాలి, కొలను అడుగున ఓ పరుపులా పేరుకున్నాయి.

అలా వదిలేసిన కొలను ఇప్పుడు మళ్లీ గుర్తొచ్చిందంటే అది అత్తయ్య కోసం.

అత్తయ్య వానలో తడిసిన మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. మనిషి మాత్రం నడవడం లేదు. వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా వచ్చి, అక్కడున్న కుర్చీలో కూలబడి, "ఈ కాలు నాది కాదే అమ్మాయ్," అంటుంది. గుండెల్లోతు నీళ్లలో నడిపించమన్నాడు డాక్టరు. బరువు సగానికి పైగా నీళ్లే మోస్తాయట, పడతానన్న భయం పోతుందట. ఇప్పుడు నడవకపోతే కండలు బిగుసుకుపోతాయి, ఇక జన్మంతా ఆ కుర్చీయే గతి అని కూడా అన్నాడు. ఊళ్లో అందరూ వెళ్లే ఈతకొలనుకి తీసుకెళ్తే, ఆ జనాన్నీ తడి గచ్చునీ చూసి అత్తయ్య వ్యాను దిగనే లేదు. తిరిగొచ్చే దారిలో మాత్రం మెల్లిగా ఒక మాట అంది. "మన కొలనులో అయితే నడుస్తానేమో."

నడివయసులో మొగుడి దగ్గర ఈత నేర్చుకుని, రోజూ పొద్దున్నే ఆ కొలనులో చేపపిల్లలా తిరిగిన మనిషి ఆమె. వ్యాను అద్దంలో అత్తయ్య మొహం చూసిన కోడలు ఆ క్షణమే అనుకుంది, ఆ కొలను నింపి తీరాలని.

అడ్డుపుల్ల వేసింది ఎవరో కాదు, కట్టుకున్నవాడే. ఆ గొయ్యి పూడ్చేసి కారు పెట్టుకోవాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. మట్టి లారీకి చెప్పేశాడు కూడా, ఆదివారం వస్తుంది.

"ఆదివారం పొద్దున్నకి కొలను నిండి, చుక్క తగ్గకుండా, మోటారు నడిచి నీళ్లు తిరుగుతూ ఉంటే లారీని నేనే వెనక్కి పంపేస్తా," అన్నాడు. "లేదంటే మట్టే. మళ్లీ నాన్న అతుకుల పురాణం నాకు చెప్పొద్దు."

చెడ్డవాడేం కాదు పాపం. చిన్నప్పటినుంచీ అతుకులు చూసి చూసి విసిగిపోయినవాడు.

అందుకే ఇవాళ పిల్లల్ని బడి దగ్గర దింపి, వ్యాను పక్కన పెట్టి, కోడలు రంపంతో ఇక్కడ నిలబడింది. గుమ్మంలో మావయ్య.

"ఒక్క మాట చెప్పండి మావయ్యా. మీకు మీ అతుకులు కావాలా, అత్తయ్య నడక కావాలా?"

మావయ్య చేతులు వాటంతటవే దిగిపోయాయి. గోడవారకి తప్పుకుని, "కోసేటప్పుడు నిటారుగా కొయ్యి, వంకర పోతే అతకదు," అని గొణిగాడు.

ఇక్కడ ఆ గదిలోని వాల్వుల సంగతి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అవే. మొత్తం మూడు. ఒకటి కొలను అడుగు నుంచి నీళ్లు లాగే పైపుకి, ఒకటి గోడ మీది జాలీ నుంచి లాగే పైపుకి, మూడోది శుభ్రమైన నీళ్లు తిరిగి కొలనులోకి వెళ్లే పైపుకి. లోకంలో ఎక్కడైనా వాల్వు పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. ఈ ఇంట్లో మాత్రం తిరకాసు. ఎప్పుడో ఒక పిడి విరిగితే మావయ్య కొయ్యతో కొత్తది చెక్కి బిగించాడు. బిగించాక చూసుకుంటే అది అడ్డం తిరిగి ఉంది. విప్పి సరిచేస్తే పోయేది. విప్పలేదు. బాగున్న మిగతా రెండు పిడులూ ఊడదీసి, వాటినీ అడ్డం తిప్పి బిగించాడు.

"ఒక్కటి తప్పుగా ఉంటే గందరగోళం. మూడూ తప్పుగా ఉంటే అది పద్ధతి," అన్నాడట, గర్వంగా.

అప్పటినుంచీ ఇంటిల్లిపాదికీ అదే పాఠం. మనింట్లో అడ్డంగా ఉంటే తెరిచినట్టు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు తెలియక పిడి పైపు వెంట తిప్పి, "మీ పుట్టింట్లో ఇలాగే తెరుస్తారా?" అని మాట పడింది. ఇలాగే తెరుస్తారు మరి!

ఆ వారమంతా కోడలు ఒళ్లు వంచి పనిచేసింది. పొద్దున పిల్లల్ని దింపాక మొదలుపెడితే సాయంత్రం బడి గంట కొట్టే వేళకి ఆపేది. చేతులకంటుకున్న సొల్యూషన్ వాసనకి వ్యానులో పిల్లలు ముక్కులు మూసుకుని, "ఆంటీ, ఏం తాగారు?" అని ఒకటే నవ్వు. పైపుల పాత జాయింట్లన్నీ కోసి పారేసింది. కోసిన ప్రతి అంచునీ గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. సొల్యూషన్ పూయకముందు అన్నీ ఉత్తినే అమర్చి చూసుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంది. ఆ తర్వాతే పూసి, గబుక్కున దూర్చి, కొంచెం మెలితిప్పి, బిగుసుకునే దాకా ఊపిరి బిగబట్టి పట్టుకునేది. కొత్త వాల్వులకి రెండు పక్కలా చేత్తో విప్పుకునే యూనియన్లు పెట్టింది. రేపెప్పుడైనా వాల్వు పాడైతే రంపం అక్కర్లేదు, విప్పి మార్చుకోవచ్చు. మావయ్య పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఊడిన ప్రతి పాత ముక్కనీ తుడిచి ఓ సంచిలో వేసుకుంటుంటే, ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

మోటారుకీ మూడో వాల్వుకీ మధ్య గోడవారగా, పైపు మలుపు తిరిగే చోట, ఒక ఎల్బో ముక్క మిగిలింది. వయసుకి పసుపు పచ్చబడింది కానీ, దాని మీద అతుకన్నది లేదు. ఆ గదిలో ఎన్నడూ కారని ఏకైక ముక్క అదే.

"దీన్ని ఉంచెయ్యమ్మా," అన్నాడు మావయ్య. ఆ గొంతులో మొండితనం లేదు, బతిమాలడం ఉంది. "మొదటి రోజు బిగించింది. మీ అత్తయ్య టార్చి పట్టుకుంది. నా పనిలో ఒక్కటైనా మిగలనీ."

కోడలు గోటితో కొట్టి చూసింది. అప్పడంలా పెళుసుగా మోగింది. తీసెయ్యాలని బుద్ధి చెబుతూనే ఉంది. ఆయన మొహం చూస్తే నోరు రాలేదు. సరేనంది. మొహమాటం ఎంతటి మొండి మనిషినైనా ఏదో ఒక చోట పట్టుకుంటుంది.

పని ముగిశాక అందర్నీ పిలిచి చెప్పింది, కిటికీ దగ్గరున్న అత్తయ్యకి కూడా వినబడేలా. "ఇకనుంచి లోకమంతా ఒకటీ మనమొకటీ కాదు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు. అడ్డంగా ఉంటే మూసినట్టు. అర్థమైందా మావయ్యా?"

"అర్థమైందమ్మా," అని మావయ్య బుద్ధిమంతుడిలా తలూపాడు. ఊపింది తల. చేతికెవరూ చెప్పలేదు.

అడుగున ఆకులన్నీ ఎత్తి పారేశాక, శుక్రవారానికి కొలను నిండింది. నీలం పలకల మీద నీటి అంచు దగ్గర కోడలు పెన్సిలుతో గీత గీసింది. ఇల్లలకగానే పండగ కాదని ఆమెకి తెలుసు, మోటారు ఇంకా నడిపి చూడలేదు. అయినా అత్తయ్య కిటికీలోంచి మెడ సాచి నీళ్లకేసి అలా చూస్తూ ఉండిపోతే, ఒళ్లు నొప్పులన్నీ ఎక్కడికో పోయాయి.

శనివారం పొద్దున్నే ఫట్‌మని చప్పుడు. వెనకే మావయ్య కేక.

కోడలు చేతిలోని టీ కప్పు అక్కడే వదిలేసి పరుగెత్తింది. మోటారు గదిలో నీళ్లు ఇంతెత్తున చిమ్ముతున్నాయి. మావయ్య నిలువునా తడిసిపోయి, పిడి నుంచి పిడికి పరుగులు తీస్తున్నాడు.

"అన్నీ మూసే ఉన్నాయే! ఎలా వస్తున్నాయి?" అని అరుస్తున్నాడు.

పిడులు మూడూ పైపుల వెంట ఉన్నాయి. అంటే మూడూ బార్లా తెరిచి ఉన్నాయి. కోడలు మోటారు ఆపింది. ఒక్కో పిడినీ అడ్డంగా తిప్పడం మొదలుపెట్టింది.

"తెరుస్తావేంటమ్మా, కొంప మునిగిపోతుంటే!" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మూస్తున్నాను మావయ్యా! మూస్తున్నాను!"

చిమ్మడం ఆగింది. గదిలో మడమలు మునిగే నీళ్లు. కొలనులో నీళ్లు గీత కిందికి చాలా దిగిపోయాయి. జరిగిందేంటో ఆయన నీళ్లు నమిలి నమిలి చెప్పాడు. మోటారు చప్పుడుకి అత్తయ్య నిద్రలేవాలని ఆశపడ్డాడట. పాత రోజుల్లో ఆమె ఆ చప్పుడుకే లేచేది. స్విచ్చి వేసి, కోడలు తెరిచి ఉంచిన వాల్వుల్లో పక్కనే ఉన్న మూడోదాన్ని 'తెరిచాడు', అంటే అడ్డంగా తిప్పి మూసేశాడు. మిగతా రెంటి దగ్గరికి వెళ్లేలోగానే, మోటారు నెట్టే నీళ్లకి బయటికి పోయే దారి లేక, మధ్యనున్న ఆ పాత ఎల్బో నిలువునా పగిలింది. బెదిరిపోయి ఆ పిడిని మళ్లీ పైపు వెంట తిప్పి 'మూసేశాడు'.

కోడలికి కోపం నషాళానికంటింది. వారం పాటు పడిన చాకిరీ కళ్ల ముందే కారిపోయింది. నోటిదాకా వచ్చిన మాట అనేసి ఉంటే ఆ ఇంట్లో ఇంకో అతుకు వెయ్యాల్సి వచ్చేది. మింగేసింది.

మావయ్య గట్టు మీద కూర్చున్నాడు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. "మట్టే పోయించండి," అన్నాడు. "చెప్పినప్పుడు తలూపాను, లోపలికెళ్లేసరికి చెయ్యి దాని దారి అది పోయింది. నా చెయ్యే నా మాట వినకపోతే ఇంకెవర్నని ఏం లాభం?"

"ఏమండీ!"

కిటికీలోంచి అత్తయ్య. జారిపడ్డ నాటినుంచీ ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"మీ చెయ్యి మాట వినట్లేదా? నా కాలూ అంతే. పొద్దున లేస్తే దాన్ని బతిమాలుకోవడమే నా పని. మట్టి పోయించుకుంటే మీరు హాయిగా పడుకుంటారు, నేనీ కుర్చీలో పడుంటాను. అదేనా మీక్కావాలి? నేను కొత్త కాలు నేర్చుకుందామని కూర్చున్నాను. మీరు కొత్త చెయ్యి నేర్చుకోలేరూ? ఊళ్లో పిల్లలందరికీ చేతులాడించడం నేర్పిన మాస్టారు కదా!"

మావయ్య లేచి, తడిబట్టలతోనే కోడలి ముందు చెయ్యి చాపాడు. "ఆ రంపం ఇటివ్వమ్మా."

తను ఉంచమని బతిమాలిన ఎల్బోని తనే కోసి తీశాడు. నిటారుగా కోశాడు, వంకర పోలేదు. కోడలు కొత్తదానికి సొల్యూషన్ పూసింది, ఇద్దరూ కలిసి దూర్చి మెలితిప్పి పట్టుకున్నారు. పగిలిన ముక్కని ఆయన సంచిలో వేసుకోలేదు. అప్పటిదాకా పోగేసిన సంచిని కూడా తీసుకెళ్లి చెత్తబుట్టలో కుమ్మరించి వచ్చాడు. ఇటు కొలనులోకి గొట్టం పెట్టి, పోయిన నీళ్లు మళ్లీ నింపడం మొదలుపెట్టారు.

ఆ రోజంతా మావయ్య పాత వాల్వు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తప్పుగా బిగించిన కొయ్య పిడిని విప్పి సరిగ్గా బిగించుకున్నాడు, ఇన్నేళ్ల తర్వాత. ఇక తిప్పడమే పని. "వెంట, తెరుచుకుంది. అడ్డం, మూసుకుంది. వెంట, తెరుచుకుంది."

బయటినుంచి వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగి చూశాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆదివారం దాకా ఎందుకు, లారీని ఇప్పుడే రమ్మననా?"

"అల్లరి చెయ్యకు. మీ నాన్న చదువుకుంటున్నారు," అంది అత్తయ్య కిటికీలోంచి.

కొడుకు లోపలికి పోయాడు. పోతూ పోతూ నీళ్ల గొట్టం మడత పడిన చోట వంగి సరిచేశాడు. కోడలు అది చూసింది.

ఆదివారం తెల్లారేసరికి నీళ్లు సరిగ్గా గీతనంటుకుని ఉన్నాయి. కోడలు మోటారు గదిలో ప్రతి జాయింటు కిందా పాత న్యూస్‌పేపర్ పరిచింది. ఒక్క బొట్టు పడ్డా తెలిసిపోతుంది. తర్వాత మొగుడూ తనూ చెరో భుజం పట్టి అత్తయ్యని కొలను మెట్ల మీద కూర్చోబెట్టారు, నడుము దాకా నీళ్లలో. అత్తయ్య రెండు చేతులతో కమ్మీని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి.

"ఇక్కడే కూర్చోండి అత్తయ్యా. మోటారు సంగతి చూసి ఇప్పుడే వచ్చేస్తా," అంది కోడలు.

"ఎక్కడికి పోతాను తల్లీ," అంది అత్తయ్య, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

అంతలో గేటు దగ్గర లారీ హారన్. మొగుడు అటు పరుగెత్తాడు. కోడలు గదిలోకి వెళ్లి, కొత్త ఎల్బో దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, దాని చుట్టూ అరచెయ్యి వేసింది.

మావయ్య వాల్వు ముందు నిలబడ్డాడు. చెయ్యి లేచింది. లేచి, అడ్డంగా ఉన్న పిడిని తెరిచే ఉందనుకుని, అలవాటుగా స్విచ్చి వైపు పోబోయి, గాల్లో ఆగిపోయింది. కోడలు పెదవి కొరుక్కుంది, మాట సాయం చెయ్యలేదు. పిడికిలి ఒకసారి బిగిసి, వదులైంది. మావయ్య పిడిని పైపు వెంట తిప్పాడు. మిగతా రెండూ అలాగే తిప్పాడు. స్విచ్చి వేశాడు.

మోటారు గుర్రుమని అందుకుంది. ఎల్బో లోపల నీళ్లు పరుగెత్తడం కోడలి అరచేతికి తెలుస్తోంది. బయట చెమ్మ లేదు. పేపరు పొడిగా ఉంది. కానీ కొలనులోకి నీళ్లు చేరుతున్నాయా లేదా అన్నది ఈ గదిలోంచి కనబడదు. అవి వచ్చే రంధ్రం కొలను అవతలి గోడలో, నీటి అంచుకి కింద ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలియదు.

"వస్తున్నాయా?" అని కేకేశాడు మావయ్య, పాత రోజుల్లోలాగే.

"మట్టి ఎక్కడ దించాలో తొందరగా చెప్పండి, అవతల ఇంకో చోటికి పోవాలి!" అంటున్నాడు లారీ డ్రైవరు. లారీ వెనక్కి వస్తున్న చప్పుడు.

"ఉండవయ్యా!" అని గేటు దగ్గర్నుంచి మొగుడి గొంతు. "నీళ్లు వస్తున్నాయా లేదా? ఎవరో ఒకరు చెప్పండి!"

కోడలు లేవబోయింది. చెయ్యి తీస్తే ఎల్బో ఏమవుతుందోనని ఒక్క క్షణం తటపటాయించింది. వెధవ ఆలోచన, అరచెయ్యి అడ్డం పెడితే పగిలే పైపు ఆగుతుందా! లేచి నిలబడేలోగా వినబడింది.

"వస్తున్నాయండీ! బాగా వస్తున్నాయి!"

అత్తయ్య గొంతు. మావయ్య మొహం వెలిగిపోయింది. కోడలు మాత్రం నిలుచున్న చోటే బిగుసుకుపోయింది. ఆ గొంతు మెట్ల దగ్గర్నుంచి రాలేదు.

"ఎవరు చూసి చెప్పారు?" అని అరిచాడు మావయ్య, ఇంకా అర్థం కాక.

"ఎవరున్నారిక్కడ? నేనే వెళ్లి చూశాను!"

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ బయటికొచ్చారు. మెట్ల పక్కన గట్టు మీద వాకర్ ఒంటరిగా నిలబడి ఉంది. కమ్మీ ఖాళీగా ఉంది. కొలను అవతలి గోడ దగ్గర గుండెల్లోతు నీళ్లలో అత్తయ్య నిలుచుని ఉంది. అరచెయ్యి నీళ్లలో రంధ్రానికి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి తోసుకొస్తున్న నీళ్లని చూసుకుంటోంది. తను ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తలెత్తి మెట్లకేసి చూసింది. మధ్యలో కొలనంతా ఉంది.

"అమ్మాయ్, వచ్చి పట్టుకోవే," అంది.

కోడలు నీళ్లలోకి దూకబోయింది. మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం బడిలో ఈత మాస్టారి గొంతు.

"ఎవరూ రారు. వెళ్లిన దానివి రాలేవూ? ఊఁ, ముందు ఆ కుడికాలు. నడు."

గేటు దగ్గర లారీ చప్పుడు ఆగింది. అత్తయ్య గోడ వదిలింది. కుడికాలు ముందుకేసింది.